జరిగిందని చెప్పండి

భూకంపం రాకూడదని మొక్కుకున్నవాళ్లు లోకంలో ఎంతమందో ఉంటారు. భూమి జరగాలని, అదీ మెల్లగా, చప్పుడు చేయకుండా, వెంట్రుకంతైనా జరగాలని మొక్కుకున్నదాన్ని మాత్రం బహుశా నేనొక్కదాన్నే. చిక్కడపల్లిలో మా సందు మలుపున ఉన్న ఆంజనేయస్వామికి ఆకుపూజ చేయిస్తానని కూడా మొక్కాను. దేవుడికి అర్థమయ్యేలా చెప్పడానికి కొంచెం కష్టపడాల్సి వచ్చింది. ఇళ్లు కూలకూడదు స్వామీ, ఎవరికీ ఏమీ కాకూడదు, భూమి ఒక్క పిసరు పక్కకు జరిగితే చాలు అని విడమరిచి చెప్పుకున్నాను. పక్కన ప్రదక్షిణలు చేస్తున్నావిడ నా వైపు వింతగా చూసి రెండడుగులు దూరంగా నడిచింది.

నేను పుట్టింది హైదర్‌గూడలో. చదివింది నారాయణగూడలో. పెళ్లయి వచ్చింది చిక్కడపల్లికి. మధ్యలో ఎక్కడా బస్సెక్కాల్సిన పని లేదు. పెళ్లి చీరలకని సుల్తాన్ బజార్ వెళ్లడమే నా దూరప్రయాణం అని మా చెల్లెలు వెక్కిరించేది. అప్పగింతలప్పుడు మా అమ్మ ఏడుస్తుంటే మా నాన్న, "ఎందుకేడుస్తవ్, సాయంత్రం కూరగాయలకు పోతే మార్కెట్ల కనబడతది" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తర్వాత తర్వాత ఆ మాట గుర్తొస్తే ఒళ్లు మండేది. కొంతమంది ఆడపిల్లలకు పెళ్లితో ఊరు మారుతుంది, కనీసం రైలు కిటికీ అయినా దొరుకుతుంది. నాకు దొరికింది ఓ పోర్షన్.

ఓనరమ్మ ఇంట్లో కింది అంతస్తులో, వెనకవైపు మా వాటా. ఒక అర్ర, దాని వెనక ఇద్దరు నిలబడితే మూడో మనిషి ఊపిరి బిగబట్టాల్సినంత వంటిల్లు. అర్ర మధ్యలో ఇనుప బీరువాను అడ్డంగా పెట్టి రెండు చేశారు. బీరువా వెనక మా మంచం, బీరువా ముందు గుమ్మం పక్కన మా అత్త పడక. ఎవరు ఎటు కదలాలన్నా ఇంకొకరు ఒదిగి దారివ్వాలి. పొద్దున లేచిన దగ్గర్నుంచి మా ఇంట్లో అన్నిటికన్నా ఎక్కువగా వినబడే మాట "జర జరుగు". పప్పు దించడానికి జర జరుగు, నల్లా దగ్గర బిందె పెట్టడానికి జర జరుగు, చీర మార్చుకోవడానికి జర అటు జరుగు. వంటింట్లో నా చేయి తగిలి గిన్నె కింద పడ్డప్పుడల్లా మా అత్త, "ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం అని పెద్దలు ఊకనే అన్లేదు" అనేది. "ఇల్లు పెద్దగుంటే ఆలి మంచిగనే ఉంటది అత్తమ్మా" అనేదాన్ని. ఆమెకు కోపం వచ్చేది కాదు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. మా అత్త చెడ్డది కాదని ఇప్పుడే చెప్పాలి. తర్వాత చెబితే ఎవరూ నమ్మరు.

ఇరుక్కుపోవడం అంటే తలుపులు మూసుకుపోవడం అనుకుంటాం. మా ఇంట్లో తలుపు ఎప్పుడూ తెరిచే ఉండేది, అదే నా బాధ. మా పెళ్లికి ముందటి ఏడాది కిల్లారి దగ్గర ఊళ్లకు ఊళ్లను నేలమట్టం చేసిన భూకంపం వచ్చింది కదా, ఆ తెల్లవారుజామున ఇక్కడ కూడా సజ్జ మీద గిన్నెలు గలగలలాడాయట. మా అత్త లేచి తలుపు తీయబోతే గొళ్లెం బిగుసుకుపోయి రాలేదట. ఎంతసేపో లేదు, కొడుకు వచ్చి లాగితే వచ్చేసింది. కానీ తర్వాత పేపర్లో అక్కడి ఫొటోలు చూశాక ఆ కాసేపు ఆమె మనసులో చాలా పెద్దదైపోయింది. అప్పటినుంచి తలుపుకు గొళ్లెం పెట్టనిచ్చేది కాదు. గుమ్మానికి అడ్డంగా పడుకునేది. కొత్తగా పెళ్లయిన దంపతులు, బీరువా వెనక, తలుపు బార్లా తెరిచిన అర్రలో ఎలా కాపురం చేస్తారో మీరే ఆలోచించుకోండి. మేం గుసగుసలు కూడా సగం సగమే మాట్లాడుకునేవాళ్లం. మిగతా సగం కోసం నేను ఆయనతో పాటు అశోక్‌నగర్ చౌరస్తా దాకా నడిచేదాన్ని. మా కాపురంలో ముఖ్యమైన మాటలన్నీ రోడ్డు మీదే జరిగాయి.

మా ఆయన ఉద్యోగం భూమి కదలికల్ని కొలిచే ఒక సంస్థలో. టెంపరరీ. ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే జీతం. భూకంపాలు కొలుస్తాడని చెప్పకుండా మా అత్త అందరికీ, "వాడు కంపెనీల లెక్కలు చూస్తడు" అని చెప్పేది. భూకంపం అనే మాట ఇంట్లో అనకూడదు. నాకు కూడా మొదట్లో ఆయన చేసే పనేమిటో సరిగ్గా తెలియదు. ఒకరోజు బీరువా వెనక బూజు దులపడానికి దాన్ని పక్కకు నెట్టమన్నాను. ఆయన ఒక్క తోపు తోశాడు, అది కిర్రుమంది. పైనుంచి ఓనరమ్మ, "ఏందా చప్పుడు" అంది. అప్పుడాయనకు హుషారొచ్చింది.

"ఇగో, జర చూడు" అన్నాడు. బీరువా కాలు పక్కన నేలకు పరిచిన షాబాదు బండ మీద సుద్దతో గీత గీశాడు. తర్వాత భుజం ఆనించి, తొందరేం లేదన్నట్టు మెల్లగా ఒత్తిపట్టి నిలబడ్డాడు. నేను చూస్తూనే ఉన్నాను, ఏమీ కదిలినట్టు లేదు, చప్పుడు లేదు. కాసేపటికి పక్కకు తప్పుకుని గీత చూపించాడు. బీరువా కాలు గీత నుంచి అంగుళం దూరంలో ఉంది.

"కిర్రుమన్నప్పుడు ఓనరమ్మకు తెలిసింది. ఇప్పుడు జరిగింది ఎవరికి తెల్వదు" అన్నాడు. "భూమి లోపల పగుళ్లుంటయి. పగులుకు ఇటు ఒక బండ, అటు ఒక బండ. కొన్ని జాగలల్ల చిన్న చిన్న అదుర్లు గుంపుగ వస్తయి, వారాల తరబడి. ఒక పెద్దది రాదు, అన్నీ చిన్నయే. జనం ఆ చప్పుడుకే పరేషాన్ అయితరు. కని ఆ చప్పుళ్ల కింద రెండు బండలు సప్పుడు జేయకుంట మెల్లగ జరుగుతున్నయేమో అని మా సారు అనుమానం. అదుర్లు ఆ జరుగుడుకు వచ్చే కిర్రుమనే చప్పుడు మాత్రమేనేమో. గా జరుగుడునే పట్టుకోవాలె."

నాకు ఆ రోజు ఆయన మీద ప్రేమ పుట్టింది. పెళ్లయి ఎన్నాళ్లకో పుట్టింది, అందుకే గుర్తుంది.

ఆ ఎండాకాలం ఓనరమ్మ మేడ మీద ఇంకో రెండు అర్రలు కట్టిస్తోంది. పాలమూరు నుంచి వచ్చిన మేస్త్రీలు, కూలీలు పనిచేసేవాళ్లు. గోడలు సమంగా ఉన్నాయో లేదో చూడటానికి వాళ్ల దగ్గర ఒక పారదర్శకమైన సన్నటి పైపు ఉండేది. దాన్నిండా నీళ్లు నింపి ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు పట్టుకుంటారు. నీళ్లు రెండు కొసల్లో ఒకే ఎత్తున నిలుస్తాయి కాబట్టి ఎక్కడ ఒరిగిందో తెలిసిపోతుంది. మా ఆయన సంస్థలో తయారుచేస్తున్నది కూడా ఆ పనిముట్టే, కాకపోతే చాలా నాజూకు. పొడవైన పైపుకు రెండు చివరలా గాజు జాడీలు, ఒక్కో జాడీలో నీటిని తాకీ తాకకుండా దిగే సూది. నేల ఏమాత్రం ఒరిగినా ఒక జాడీలో నీళ్లు పెరిగి రెండోదాంట్లో తగ్గుతాయి. సూదిని ఎంత దించాల్సి వచ్చిందో చూస్తే ఎంత ఒరిగిందో లెక్క తేలుతుంది.

ఒక ఆదివారం దాన్ని పరీక్షించడానికి ఇంటికి పట్టుకొచ్చాడు. ఒక జాడీ బీరువా వెనక, ఒక జాడీ గుమ్మం దగ్గర. నీళ్లు నిలకడగా ఉండాలంటే ఎవరూ కదలకూడదన్నాడు. ముగ్గురం బొమ్మల్లా కూర్చున్నాం. కాసేపటికి మా అత్తకు నడుం నొప్పెట్టి గుమ్మం దగ్గరి బండ మీదకు జరిగి కూర్చుంది. ఆ బండ ఎప్పటినుంచో కొంచెం వదులు. ఆయన సూది దించి చూసి, "అమ్మా, నువ్వు కూసున్న దిక్కు ఒరిగింది" అన్నాడు.

"నేను కూసుంటె భూమి ఒరుగుతదా?" అంది మా అత్త. అవమానం సగం, గర్వం సగం. ఆ సాయంత్రమంతా వచ్చినవాళ్లకు అదే చెప్పింది. ఆమె బరువుకు ఆ ఇల్లు ఒరిగిందంటే నాకేమీ ఆశ్చర్యం కలగలేదు.

ఆ జాడీల్ని తీసుకుని ఆయన వెళ్లాల్సిన సమయం వానలకు ముందే వచ్చింది. సిటీకి ఒక పగటి ప్రయాణం దూరంలో, బండలు, ముళ్లపొదలు తప్ప ఏమీ లేని చోట అదుర్లు మొదలయ్యాయి. రోజుకు ఇన్నని లేదు, కొన్ని రోజులు పదులకొద్దీ. ఊళ్లోవాళ్లు ఇళ్ల బయట పందిళ్లు వేసుకుని పడుకుంటున్నారు. కొండ బండను తొలిచిన ఒక చీకటి కొట్టులో పైపు పరిచి, జాడీలు పెట్టి, మా ఆయన దాని కాపలా. మనిషి ఊపిరి వేడికి కూడా నీళ్లు మారతాయని రోజుకు రెండుసార్లే లోపలికి వెళ్లేవాడు.

వెళ్లే ముందు నన్ను అశోక్‌నగర్ చౌరస్తా దాకా తీసుకెళ్లి అసలు సంగతి చెప్పాడు. జాడీల్లో ఒరుగుడు కనబడితే ప్రాజెక్టు నిలబడుతుంది. ఆయన ఉద్యోగం పొడిగిస్తారు. అక్కడే కొండ మొదట్లో స్టేషన్ కట్టి, పక్కన క్వార్టర్ ఇస్తారు. రెండు అర్రలు, వంటిల్లు, చుట్టూ జాగా. ఏమీ కనబడకపోతే వానల తర్వాత ప్రాజెక్టు మూసేస్తారు.

"అత్తమ్మ?" అన్నాను.

"మా అక్క గాంధీనగర్‌ల తన ఇంటికి రమ్మంటనే ఉన్నది గద. అమ్మ సరేనన్నది. అదుర్లొచ్చే తానకు ఆమె ఎట్లైనా రాదు."

క్వార్టర్‌కు తలుపుంటుందా అని అడిగాను. ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు. నిజంగానే అడిగాను.

కబురు ఎలా చెప్పాలన్నది ఇంకో సమస్య. మాకు ఫోను లేదు. ఓనరమ్మ ఇంట్లోని ఫోనే మా సందులో సగం మందికి. ఎవరికైనా ఫోనొస్తే ఆమె పైనుంచి కేకేసి పిలుస్తుంది, పక్కనే నిలబడి అంతా వింటుంది, మనం ఇంట్లో లేకపోతే తనే విని తర్వాత చెబుతుంది. భూమి, అదురు లాంటి మాటలు ఆమె నోట పడితే మా అత్త చెవిన పడ్డట్టే. అందుకని ఒక్క మాట అనుకున్నాం. భూమి జరిగితే, "జరిగింది" అని చెప్పించాలి. లేకపోతే "జరగలేదు". ఇరుకు మంచం మీద రోజూ ఒకరికొకరం చెప్పుకునే మాటే కాబట్టి మాకది ముద్దుగా కూడా అనిపించింది. ఆయన బస్సెక్కుతూ, "జర జరుగు" అన్నాడు, ఎవరూ అడ్డం లేకపోయినా. నేను నవ్వుతూ ఇంటికొచ్చాను.

తర్వాత వారాల తరబడి ఎదురుచూపు. మధ్యలో ఒకసారి వచ్చాడు, మనిషి నల్లబడిపోయాడు. అదుర్లు వస్తున్నాయి గానీ నీళ్లు మాత్రం పగటి ఎండకు కొంచెం పెరిగి, రాత్రి చలికి కొంచెం తగ్గి, మళ్లీ మొదటి చోటికే వస్తున్నాయన్నాడు. "పెద్దసారు మొఖం మాడ్చుకున్నడు" అన్నాడు. ఆ రోజు నుంచే గుడి చుట్టూ నా ప్రదక్షిణలు. మా అత్త సంబరపడింది. కొడుకు క్షేమం కోసం కోడలు మొక్కుతోందని వీధంతా చెప్పింది. నేను దేన్ని జరపమంటున్నానో తెలిస్తే ఆ గుడి మెట్లెక్కనిచ్చేదా?

మధ్యాహ్నాలు ఇంట్లో ఉండలేకపోయేదాన్ని. మేడ మీద మేస్త్రీల సుత్తి దెబ్బలు, కింద మా అత్త కబుర్లు, మధ్యలో నేను. చిక్కడపల్లి లైబ్రరీకి పోయి, ఉద్యోగ పరీక్షలకు చదువుకునే కుర్రాళ్ల మధ్య ఒక మూల ఫ్యాను కింద కూర్చునేదాన్ని. అక్కడ ఎవరూ ఎవర్నీ జరగమనరు. పుస్తకం తెరిచి పెట్టుకుని, కొండ కింద క్వార్టర్‌ను మనసులో సర్దుకునేదాన్ని. బీరువాను గోడకు ఆనించి పెట్టాలి. ఇక దేన్నీ అడ్డం పెట్టకూడదు.

ఆ రోజు కూడా లైబ్రరీ నుంచే వస్తున్నాను. సందులోకి తిరగ్గానే మా గుమ్మం ముందు చెప్పులు కనిపించాయి. చాలా చెప్పులు. చావింటి ముందు తప్ప అన్ని చెప్పులు అలా ఒకదానిమీద ఒకటి పడి ఉండవు. పెద్దావిడ, మా అత్తకేమైనా అయిందనుకున్నాను. లోపల మా అత్త మామూలుగానే గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చుట్టూ సందులోని ఆడవాళ్లు. ఓనరమ్మ లేచొచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది.

"ధైర్యం జెయ్యాలె బిడ్డా" అంది. "ఫోనొచ్చింది. జరిగిందట."

నేను నవ్వాను. దాచుకోవాలని కూడా తోచలేదు. "జరిగిందా? నిజంగనే జరిగిందా ఆంటీ?" అని ఆమె చేతులు ఊపేశాను. ఒంట్లోంచి ఏదో బరువు దిగిపోయినట్టయింది. ఓనరమ్మ చేతులు వెనక్కి తీసుకుంది. ఎవరో కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చారు. అప్పుడు అర్థమైంది నాకు, వాళ్లేమనుకుంటున్నారో.

ఫోను చేసింది మా ఆయన కాదు. ఆయన కొట్టు వదిలి రాలేక జీపు డ్రైవర్‌తో పక్క టౌన్ నుంచి చేయించాడు. ఆ డ్రైవర్ చెప్పిన మాటలు ఓనరమ్మ ఒక్కటీ పొల్లుపోకుండా చెప్పింది: "సారుది జరిగింది. అమ్మకు చెప్పుమన్నరు." ఏం జరిగింది, ఎట్ల జరిగింది అని ఈమె అడుగుతుంటే లైను కట్టయింది. డ్రైవర్‌కు అమ్మ అంటే సారు భార్య, అంటే నేను. ఓనరమ్మకు అమ్మ అంటే అమ్మే. ఆమె దిగొచ్చి మా అత్తకు చెప్పింది. మన భాషలో జరిగిందంటే ఏదైనా జరగొచ్చు. పెళ్లి జరుగుతుంది, పని జరుగుతుంది. కానీ ఫోనులో, ఎవరో తెలియని గొంతు, ఏమిటో చెప్పకుండా ఉత్తి "జరిగింది" అందంటే అది ఒక్కటే.

"భూమి జరిగింది" అన్నాను. "ఆయన కాదు, భూమి. మేం అట్ల అనుకున్నం అత్తమ్మా. నీళ్లు ఒరిగితే జరిగిందని చెప్పమన్న. ఆయనకు ఉద్యోగం పొడిగిస్తరు, క్వార్టరిస్తరు. మేం ఖాళీ చేస్తం ఆంటీ ఈ పోర్షన్, అందుకే ఫోను."

చెబుతుంటే నాకే అర్థమవుతోంది, ఆ మాటలు ఎంత పిచ్చిగా ఉన్నాయో. ఒకావిడ పక్కావిడతో, "దెబ్బకు మతి తప్పింది పాపం" అంది. ఓనరమ్మ మాత్రం, "ఖాళీ చేస్తరా" అని మెల్లగా, తనలో తను అనుకున్నట్టు అంది. మా అత్త నా వైపు చూసింది. ఏడుపు లేదు, కోపం లేదు. నేను నవ్విన నవ్వునే ఇంకా చూస్తున్నట్టు చూసింది.

ఆ కొండ దగ్గర ఫోను లేదు. సంస్థకు చేస్తే ఎవరూ ఎత్తలేదు, రెండో శనివారం. చేయగలిగింది కూర్చోవడమే. ఆడవాళ్లు నన్ను మా అత్త పక్కనే కూర్చోబెట్టారు. ఇద్దరు నా భుజాలు పట్టుకున్నారు, నేను లేచి ఎక్కడికైనా పరిగెత్తుతానేమోనని. మొదట ఒళ్లు మండిపోయింది. చెప్తే వినరేమిటని. తర్వాత, సాయంత్రం ఎండ గోడ మీదికి పాకుతుంటే, ఒక ఆలోచన నా లోపలికి కూడా వచ్చింది. సారుది జరిగింది. సారుది ఏం జరిగింది? ఆయన చెప్పమన్న మాట "జరిగింది" అని. దానికి "సారుది" ఎందుకు తగిలించాడు డ్రైవర్? తొలిచిన బండలో చీకటి కొట్టు, చుట్టూ అదుర్లు. పైనుంచి ఒక్క రాయి జారితే చాలు కదా.

అడకత్తెరలో పోకచెక్క అంటారు. ఆ రెండు గంటలు నేనదే. ఒకే మాట, ఒకవైపు నా క్వార్టర్, ఒకవైపు ఆయన. అప్పుడు నేను మళ్లీ మొక్కాను, ఆంజనేయస్వామికే. భూమి జరగకపోయినా సరే, ఈ పోర్షన్‌లోనే ఉంటాను, ఆయన రావాలి అని. ఎంత గట్టిగా మొక్కానంటే పెదవులు కదిలాయి కాబోలు, భుజం పట్టుకున్నావిడ నా వీపు నిమిరింది.

దీపాలు పెట్టే వేళకు ఆయన వచ్చాడు. కొలతలు పెద్దసారుకు స్వయంగా చూపించాలని డ్రైవర్‌ను ఫోనుకు పంపాక, కొట్టు కాపలాకు ఇంకొకరు దొరకడంతో తనే పొద్దుటి బస్సెక్కాడట. చేతిలో సంచీ, మొహం నిండా సంతోషం, సందు మొగలోనే ఆ చెప్పులు చూసి పరిగెత్తుకొచ్చాడు. ఆడవాళ్లు ఒక్కసారిగా గొల్లుమన్నారు. నా భుజాలు పట్టుకున్న చేతులు ఇంకా వదల్లేదు. మా అత్త లేచింది. దగ్గరికెళ్లి ఆయన మొహం తడిమింది, చెవులు, మెడ, భుజాలు తడిమింది. తర్వాత అరచేత్తో ఆ భుజాల మీదే కొట్టడం మొదలుపెట్టింది. ఆయన కొట్టించుకుంటూ నిలబడ్డాడు.

"మీ నాయన పోయిన్నాడు ఒకసారి సచ్చిన" అంది చివరికి. "ఇయ్యాల ఇంకోసారి సచ్చిన. ఇగ నా తోని కాదు కొడుకా."

ఆయన "సరే అమ్మా" అన్నాడు. దేనికి సరే అన్నాడో అందరికీ తెలుసు. నా వైపు చూడలేదు. ఒక్కసారి చూసి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. కోపం ఎప్పుడో చల్లారింది గానీ, ఆ చూడకపోవడం మాత్రం చల్లారలేదు.

మర్నాడు సాయంత్రం అశోక్‌నగర్ చౌరస్తా దాకా నడిచాం. ఆయనే చెప్పాడు, నేనడగకుండానే. అదుర్లు తగ్గాక, అంతా అయిపోయిందనుకున్నాక, నీళ్లు ఒకవైపుకు మెల్లగా పెరగడం మొదలైందట. ఎండకు కాదు, చలికి కాదు. రోజు తర్వాత రోజు, వెనక్కి రాకుండా. ఆ పొద్దున ఇంటికెళ్లి కొలతలు చూపిస్తే పెద్దసారు ఆయన్ని కౌగిలించుకున్నాడట. "మరి?" అన్నాను. "అమ్మ ముద్ద ముడుతలేదు గద" అన్నాడు. "ఇంకొకరిని పంపుతరు. నాకు దోస్తు ఒకడు నారాయణగూడల మందుల దుకాణం పెట్టిండు, రమ్మంటున్నడు." అప్పుడు నేను అరవాల్సింది. అరవలేకపోయాను. ముందురోజు సాయంత్రం నేను మొక్కిన మొక్కు అడ్డం వచ్చింది. మా అత్త బలవంతం చేసింది, నిజమే. కానీ అదే నేనూ అడిగాను, ఆమెకన్నా ముందే, దేవుణ్ణే.

ఆయన రాజీనామా ఇవ్వడానికి వెళ్లిన రోజున ఓనరమ్మ ఒక జంటను పంపించింది. కొత్తగా పెళ్లయినవాళ్లు. అమ్మాయి జడలో మల్లెపూలు, కాళ్ల పారాణి ఇంకా పోలేదు. "పోర్షన్ ఖాళీ అయితున్నదట గద అక్కా, చూసి పోతం" అంది. ఓనరమ్మకు ఎవరూ సంగతి చెప్పలేదు. చెప్పాల్సింది నేనే. గుమ్మం దగ్గర మా అత్త చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది.

"రా" అన్నాను ఆ అమ్మాయితో.

కిటికీ చూపించాను. ఆమె దాని కింద జానలతో కొలుచుకుని, "ఇక్కడ కుట్టుమిషన్ పట్టుతది" అంది. వెలుతురు ఎంతసేపుంటుందో చెప్పాను. నల్లా ఏ వేళకొస్తుందో, ఏ బిందె ముందు పెట్టాలో చెప్పాను. వానాకాలం ఏ గోడ చెమ్మగిల్లుతుందో, అక్కడ ట్రంకుపెట్టె ఎందుకు పెట్టకూడదో చెప్పాను. వంటింట్లో పొగ పోవాలంటే వెనక కిటికీ రెక్క ఎంత తెరవాలో తెరిచి చూపించాను. ఓనరమ్మ దేనికి కోప్పడుతుందో, దేనికి ఊరుకుంటుందో కూడా చెప్పాను. నా గొంతు నాకే తేలిగ్గా వినిపించింది. ఆ అమ్మాయి ప్రతిదానికీ తల ఊపుతూ, అప్పుడే అక్కడ కాపురం పెట్టినట్టు మెరిసే కళ్లతో చూస్తోంది. నేను ఇంకా ఏమైనా చెప్పడానికి ఉందా అని వెతుక్కున్నాను. ఏమీ మిగల్లేదు.

గుమ్మంలో నిలబడ్డ ఆమె భర్త అడిగాడు, "మీరెప్పుడు పోతున్నరక్కా?"

"పోతలేం" అన్నాను. "మేమే ఉంటున్నం."

ఆ అమ్మాయి నా వైపు, వాళ్లాయన వైపు చూసింది. కోపంగా కాదు, నిజంగా అర్థంకాక అడిగింది. "మరి ఇంతసేపు ఎందుకు చూపెట్టినవక్కా?"

నాకన్నా ముందు మా అత్త అంది, చేటలోంచి తల ఎత్తకుండానే.

"ఏమనుకోకు బిడ్డా. దానికి పోవాలని ఉండె."